రెండు బారువుల బండి

అమెరికా దేశమున రైతులును, వడ్రంగులును, తాపీపనివారును మిక్కిలిగా వాడుకొను సరుకుల మోటారుబండి యొకటి గలదు. ముందు ఇద్దఱు ముగ్గురు కూర్చుండుటకు గది. వెనుక పైకప్పు లేని తొట్టి. తొట్టి చివర దింపుటకును ఎత్తుటకును వీలైన తలుపు. దీనిని వారు పికప్పు అందురు. ఈ బండ్లకు వారు పెట్టిన పేళ్ళు వినఁదగినవి. అర టన్ను బండి, ముప్పాతిక టన్ను బండి, ఒక టన్ను బండి అని బరువును బట్టియే పిలుతురు. వారి టన్ను 2,000 పౌనులు. మన పెద్దల లెక్కలో 25 పౌనులు ఒక మణుగు, 20 మణుగులు ఒక బారువు. కావున అర టన్ను బండి యనఁగా సరిగా రెండు బారువుల బండి. కిలోలలో 450 కిఁ గొంచెము పైన.

గుఱ్ఱమును రంగును బట్టియు, ఎద్దును కొమ్ములను బట్టియు పిలుచుట యెఱుఁగుదుము. ఒక వాహనమునకు అది మోయఁదగిన బరువే పేరగుట యేల? ఆ పేరు వెనుక నూఱేండ్లకు మించిన చరిత్ర గలదు. అది దూరదేశపు కథయే. కాని ఆ జాతి బండ్లే నేఁడు మన పంటలను సంతకును, మన యిండ్లకుఁ గావలసిన యిసుకను సిమెంటును ఊళ్ళకును మోయుచున్నవి గనుక మనకుఁ బట్టని కథ కాదు.

ముందుగా మన యెడ్లబండిని దలఁచుకొందము. రెండు చక్రములు, ఒక ఇరుసు, నొగలు, కాడి. ఎత్తిన బరువంతయు ఇరుసు మీఁద తూఁగవలెను. ముందు బరువెక్కువైనచో కాడి యెద్దుల మెడలను క్రుంగదీయును. వెనుక బరువెక్కువైనచో నొగలు పైకి లేచి, మెడకుఁ గట్టిన త్రాడు గొంతునకు బిగియును. మెరక యెక్కునపుడు బరువు వెనుకకు మొగ్గును. దిగునపుడు ముందునకు మొగ్గును. అందువలన బండివాఁడు మెరక వచ్చినపుడు నొగల మీఁదికి జరిగి కూర్చుండెడివాఁడు. ఈ శాస్త్రము నతఁడు ఏ పాఠశాలలోను జదువలేదు. ఎద్దే యతనికి గురువు. బరువు హద్దు మీఱెనా, ఎద్దు నిలిచిపోవును. మఱియు బాధించితిమా, పండుకొనును. కొరడా పట్టినవాఁడైనను దాని మాట వినక తప్పదు.

మోటారు వచ్చినది. మాటాడు గురువు పోయినాఁడు.

1908వ సంవత్సరము అక్టోబరు నెలలో హెన్రీ ఫోర్డు ‘మోడల్ టి’ అను కారును అమ్మ నారంభించెను. నాలుగు సిలిండర్ల యంత్రము. 20 గుఱ్ఱముల బలము. 1927 వఱకు ఇట్టి కార్లు కోటి యేఁబది లక్షలు తయారయ్యెను. కొన్నవారిలో పల్లెటూరివా రనేకులు. వారు కారును కారుగా నుండనిచ్చిరా? వెనుక చక్రము నొకదానిని జాకీతో నెత్తి, దానికి బెల్టు తగిలించి కట్టెలు కోసిరి, నీళ్ళు తోడిరి. కారు వెనుకభాగమును విప్పివేసి కొయ్యతొట్టి నమర్చి పాలును, బంగాళాదుంపలును, దాణాబస్తాలును పట్టణమునకుఁ దోలుకొనిపోయిరి. మనుష్యులకై చేసిన వాహనము సరుకులకుఁ దిరిగినది. దానికై కావలసిన సామగ్రి నమ్ము అంగళ్ళును వెలసినవి. పికప్పును గనిపెట్టినవాఁ డెవఁడని యడిగినచో ఏ యొక్కని పేరును జెప్పుటకు నాకు మనసొప్పదు. కొయ్యతొట్టి కట్టిన ఆ పల్లె వడ్రంగులే దాని తండ్రులని నా యభిప్రాయము.

కారునకుఁ దగిలించిన తొట్టి బరువును మోయలేకపోవుట త్వరలోనే తెలియవచ్చెను. చట్రములు వంగినవి, వెనుక ఇరుసులు విఱిగినవి. 1917 జూలైలో ఫోర్డు సంస్థ ‘మోడల్ టిటి’ అను పేర ఒక టన్ను బండిని, అనఁగా నాలుగు బారువుల బండిని వెలువరించెను. వెల 600 డాలర్లు. ఆ వెలకు వచ్చినది చట్రము, యంత్రము, చక్రములు మాత్రమే. గదిని తొట్టిని కొన్నవాఁడే చేయించుకొనవలెను. యంత్రము మాత్రము కారు యంత్రమే! బలము 20 గుఱ్ఱములే. మార్చిన దేమి? ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడిమి దూరము 100 అంగుళములుండఁగా 124 చేసిరి. చట్రమును గట్టిపఱచిరి. వెనుక ఇరుసును దృఢముగాఁ జేసి అందులో మరమేకు వంటి మెలికల గేరు పెట్టిరి. వేగము తగ్గి లాగుబలము హెచ్చినది. బరువు మోయుట యంత్రము పని కాదు, ఇరుసు పని యని ఆ మార్పులే చెప్పుచున్నవి. ఇంజను పెద్దది గనుక ఎంతయైన వేయవచ్చునని నేఁటికిని వాదించు డ్రైవర్ల కీ సంగతి వినిపింపఁదగినది.

అటుపిమ్మట 1925 ఏప్రిలులో ఫోర్డు సంస్థవారే, ఇద్దఱు కూర్చుండు మోడల్ టి కారునకు వెనుక ఉక్కుతొట్టి నమర్చి, కర్మాగారమునుండియే సిద్ధముచేసి యమ్మిరి. వెల 281 డాలర్లు. పికప్పు అను మాటను ఆ సంస్థవారు బండి పేరులోనే చేర్చిరి. ఒక్క సంవత్సరమున ముప్పదివేలకు మించి యమ్ముడుపోయెను. తొట్టి పొడవు సుమారు 56 అంగుళములు, వెడల్పు 40, లోఁతు 13. చిన్నది, మన యింటి ధాన్యపుగాదెలో నాలుగవ వంతైన నుండదు. వెనుక కమానుకట్టలను మాత్రము కారు కమానులకంటె గట్టివి వేసిరి.

ఉపాధ్యాయుఁడను గనుక ఇచ్చట ఒక లెక్క చెప్పక మానను. ఆ తొట్టి పట్టునది ఇంచుమించు 17 ఘనపుటడుగులు. అందులో ఎండుగడ్డి నింపినచో మణుగు రెండు మణుగులు. ఎండిన యిసుకను అంచుల వఱకు నింపినచో, ఘనపుటడుగునకు 100 పౌనుల చొప్పున, 1,700 పౌనులు. మూఁడు బారువులు దాఁటినది! తడి యిసుక యైనచో ఇంకను నెక్కువ. రెండు బారువులకని చేసిన బండికి ఇట్టి తొట్టి యుండినచో, సగము కొంచెము దాఁటఁగానే దాని హద్దు తీఱినది. పైన చోటు మాత్రము మిగిలియే యున్నది. చోటు మిగిలియుండఁగా ఆపు మనుష్యుఁ డరుదు. తొట్టి కంటికి కొలత చూపును. ఇరుసు తూకమును జూచును. ఈ రెంటి నడుమ నున్న మోసమే యీ వాహనముల చరిత్రలోని కష్టములకెల్ల మూలము.

బరువును నిజముగా మోయునవి యేవో చూతము. కమానుకట్టయనఁగా ఒకదానిపై నొకటి పేర్చిన ఉక్కుపట్టీలు. 1804లో ఇంగ్లండున ఒబడయా ఇలియట్ అను నతఁడు గుఱ్ఱపుబండ్లకు ఇట్టి కమానులను బిగించు పద్ధతికిఁ బేటెంటు పొందెను. పట్టీలు బరువునకు వంగి, మరల లేచుచు గతుకుల దెబ్బను మ్రింగును. అవి వంగుటకుఁ జోటుండినంతవఱకే ఆ పని చేయఁగలవు. పూర్తిగా చదునైపోయిన తరువాత దెబ్బ నేరుగా చట్రమునకుఁ దగులును. కమానుల క్రింద టైరులు. గాలి నింపిన రబ్బరు టైరును 1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుఁడు తన కుమారుని మూఁడుచక్రముల బండి కొఱకుఁ జేసెను. టైరులో బరువును మోయునది రబ్బరు కాదు, లోపలి గాలి. గాలి తక్కువయై బరువెక్కువైనచో టైరు ప్రక్కలు చక్రము తిరిగిన ప్రతిసారియు మడఁతపడి, వేఁడెక్కి, తుదకు పగులును. వేసవి మధ్యాహ్నమున తారురోడ్డు మీఁద ఇది త్వరగా జరుగును.

తరువాత బ్రేకులు. వేగము రెట్టింపైనచో ఆఁపుటకుఁ గావలసిన శక్తి నాలుగింతలు. బరువు ఒకటిన్నర యింతలైనచో ఆ శక్తియు ఒకటిన్నర యింతలు. రెండును గలసినపుడు ఆఱింతలు. బండిని కదలించుటకు యంత్రము చాలినదని సంతోషించువాఁడు, ఆఁపుటకు బ్రేకులు చాలునా యని ముందుగా అడుగవలెను.

బరువు ఎంతయను ప్రశ్న యొకటి. ఎచ్చటయను ప్రశ్న మఱియొకటి. రెండు ఇరుసుల నడుమ 8 అడుగుల దూర మున్నదనుకొందము. 800 పౌనుల బరువును సరిగా వెనుక ఇరుసుపై నుంచినచో దాని భారమంతయు ఆ యిరుసునకే చెందును. కొంచెము ముందునకు జరిపినచో ముందు ఇరుసును కొంత పంచుకొనును. అదే బరువును వెనుక ఇరుసునకు 2 అడుగులు వెనుకగా నుంచినచో? త్రాసుకోల లెక్క. ముందు ఇరుసు మీఁదినుండి 200 పౌనులు లేచిపోవును. వెనుక ఇరుసు మీఁద 800 కు బదులు 1,000 పౌనులు పడును. బండికి దారి చూపునవి ముందు చక్రములు. అవి తేలికయైనకొలఁది చుక్కాని త్రిప్పినను బండి వినదు. ముందు దీపములు చెట్లకొమ్మలను జూచును; ఎదురు వచ్చువాని కన్నులు చెదరును.

నేను పనిచేసిన యొక గ్రామమున దీనిని గన్నులార జూచితిని. ఇంటి నేలకు నాపరాళ్ళు తెచ్చుచున్న చిన్నబండి చెఱువుకట్ట యెక్కుచుండెను. రాళ్ళు పొడవైనవి, తొట్టి తలుపు దింపి దానిపైకి వచ్చునట్లు పేర్చిరి. చూచుటకు తొట్టిలో సగమైన నిండలేదు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఒక అంగుళము మందము గల నాపరాయి ఒక్కటి 50 కిలోలకు దగ్గఱగా నుండును. ఇరువది రాళ్ళు పేర్చిన ఎత్తు ఇరువది అంగుళములే, తూకము ఒక టన్ను. కట్ట సగము ఎక్కునప్పటికి ముందు చక్రములు నేలను విడిచినవి. డ్రైవరు చుక్కానిని పట్టుకొని అటునిటు త్రిప్పుచున్నాఁడు. బండి మాత్రము తలయెత్తి నిలిచినది. అచ్చట నున్నవార మందఱము పరుగెత్తి బండి ముందుభాగము నెక్కితిమి. పంచె యెగఁగట్టుకొని నేనును ఎక్కితిని; నా శిష్యులు నవ్విరి. మఱి నలుగురు వెనుక రాళ్ళను దింపిరి. మెరకలో నొగల మీఁదికి జరిగి కూర్చుండు బండివాఁడు చేసిన పనియే మేమును జేసితిమి. రాళ్ళు జాఱి క్రింద నున్న చాకిరేవు మీఁద పడియుండినచో నవ్వుటకు ఎవరికిని నోరు రాకపోయెడిది.

తిరిగి అమెరికాకుఁ బోదము. రెండవ ప్రపంచయుద్ధానంతరము, 1948 నమూనాగా ఫోర్డువారు ‘ఎఫ్’ అను అక్షరముతో కొత్త వరుసను దెచ్చిరి. ఎఫ్-1 అర టన్ను, ఎఫ్-2 ముప్పాతిక టన్ను. 1953లో వాని పేళ్ళు ఎఫ్-100, ఎఫ్-250 అని మాఱినవి. 1957 నాఁటికి తొట్టి గోడలను గదితో సమముగా వెడల్పుచేసి చక్రములను లోపల దాఁచిరి. అందము హెచ్చెను, చోటును హెచ్చెను. చోటు హెచ్చినపుడు దానిని నింపు నాసయు హెచ్చును. కమానులను, టైరులను, బ్రేకులను కూడ సంవత్సరము సంవత్సరము బలపఱచుచు వచ్చిరి.

పిమ్మట 1975లో ఒక చిత్రము జరిగినది. పొగలోని విషవాయువులను తగ్గింపవలెనని అమెరికా ప్రభుత్వము కఠినమైన నిబంధనలు పెట్టెను. బండియు బరువును గలసి 6,000 పౌనులకు లోపలనున్న వాహనములకే అవి వర్తించినవి. వెంటనే 6,000 కుఁ గొంచెము పైన నుండునట్లు ఎఫ్-150 అను బండి పుట్టెను. బండి చేయువారికి అంకె విలువ యెంత తెలియునో చూడుఁడు! ఆ అంకెను వారు తమ మేలునకై పాటించినంత శ్రద్ధగా కొన్నవారు పాటించినచో ఎంతో బాగుండెడిది.

ఈ విధముగా అర టన్ను అను పేరు నిలిచినదే కాని అర్థము మాఱినది. ఈ కాలపు ‘అర టన్ను’ బండ్లలో అనేకములు ముప్పాతిక టన్ను మొదలు ఒక టన్ను వఱకు మోయఁగలవు. అట్లని పేరును జూచి తక్కువయనియు, ఆకారమును జూచి యెక్కువయనియు ఊహింపరాదు. అచ్చట డ్రైవరు తలుపు అంచున ఒక చీటీ యంటించి యుందురు. బండియు, సరుకును, ఎక్కిన మనుష్యులును అందఱును గలసి ఎంత బరువు మీఱరాదో అందు వ్రాసియుండును. అందులోనుండి వట్టిబండి తూకమును, మనుష్యుల తూకమును దీసివేయఁగా మిగిలినదే సరుకు. మెత్తని పీఠములు, పెద్ద గది మొదలగు విలాసములు చేర్చినకొలఁది వట్టిబండి తూకము పెరిగి, సరుకునకు మిగులునది తఱుగును. ఒకే పేరు గల రెండు బండ్లు ప్రక్కప్రక్కన నిలిచినను వాని శక్తులు వేఱు.

మన దేశమున బహుకాలము సరుకులకు పెద్ద లారీ, లేదా టైరుబండి, లేదా ట్రాక్టరు. 2005 మే నెలలో టాటావారు ‘ఏస్’ అను నాలుగుచక్రముల చిన్నబండిని దెచ్చిరి. రెండు సిలిండర్ల డీసెలు యంత్రము, 16 గుఱ్ఱముల బలము. మోడల్ టి కన్నను తక్కువ. మోయఁదగినది ముప్పాతిక మెట్రిక్ టన్ను, అనఁగా 750 కిలోలు. ఉత్తరాదివారు దీనిని ‘ఛోటా హాథీ’ యని ముద్దుగాఁ బిలిచిరి. అంతకంటె పెద్దవి, టన్నునకు మించి మోయు పికప్పులును మహీంద్రా మొదలగు సంస్థలనుండి వచ్చినవి. సందులలో తిరుగును, పొలము గట్టు వఱకు వచ్చును, ఒక నిరుద్యోగి యువకుఁడు అప్పుచేసి కొనుక్కొని బ్రతుకఁగలఁడు. మన పల్లెలకు ఇవి చేసిన మేలు సామాన్యమైనది కాదు. టమాటాలు మదనపల్లె సంతకును, మిరపకాయలు గుంటూరు యార్డునకును వేగముగాఁ జేరుచున్నవి.

750 కిలోలనఁగా 50 కిలోల సిమెంటుబస్తాలు పదునైదు. 75 కిలోల ధాన్యపుబస్తాలు పది. మన పాతలెక్కలో మూఁడు బారువులకుఁ గొంచెము పైన. పైన చెప్పిన 1925 నాఁటి తొట్టెఁడు ఇసుక తూకమును ఇంచుమించు ఇదియే. ఇరువది బస్తాల సిమెంటుతో పోవు చిన్నబండిని చూడనివారు మీలో నెవరైన నుందురా?

దీనికి డ్రైవరునొక్కని నిందించుట న్యాయము కాదు. కిరాయి త్రిప్పునకింత యని మాటాడుకొందురు. బరువునకింత యని కాదు. సరుకుగలవాఁడు ఒక్క త్రిప్పులో పోవలెనని కోరును. బండివాఁడు కాదన్నచో ప్రక్కవాఁడు ఒప్పుకొనును. అప్పుకంతు నెలనెలయు తఱుముచుండును. ఎద్దున్న కాలమున ఎద్దు అడ్డుచెప్పెడిది. ఇప్పు డడ్డుచెప్పువారు లేరు. కమాను చదునగుట, టైరు ఉబ్బుట, ముందుభాగము తేలుట ఇవన్నియు యంత్రము చెప్పు మాటలే. వినుటకుఁ దీరికయే లేదు.

సరుకుతో నిలిచిన కథ యైనను బాగుండును. కోతల కాలమున ఈ బండ్లలో కూలిజనము నిలువఁబెట్టి తోలుచున్నారు. ఇరువదిమంది, తలకు 50 కిలోలు వేసికొన్నను 1,000 కిలోలు. హద్దు అప్పుడే మీఱినది. బస్తా పండుకొని యుండును. మనుష్యుఁడు నిలుచుండును గనుక భారకేంద్రము పైకి లేచును. మలుపులో అందఱు నొక్కమాఱుగా ఒకప్రక్కకు మొగ్గుదురు. పట్టుకొనుటకు తొట్టి యంచు తప్ప ఏమియు లేదు. తెల్లవాఱుజామున పొలమునకుఁ బోయిన తల్లులు తిరిగి రాని వార్తలను పత్రికలలో మాటిమాటికిఁ జదువుచున్నాము. సరుకులబండికి మనుష్యులను దరలించు అనుమతి లేదన్న సంగతి ఎక్కించువానికిఁ దెలియును, ఎక్కువారికిఁ దెలియదు. ఊరిపెద్దలు ఆ ఉదయము రచ్చబండకడ నిలిచి ఒక్కమాట చెప్పినచో ఏ పోలీసువాఁడును చేయలేని పని జరుగును.

చట్టము లేకపోలేదు. 1939 నాఁటి మోటారువాహనముల చట్టమునందును, దాని స్థానమున వచ్చిన 1988 చట్టమునందును బరువు హద్దులు వ్రాసియేయున్నవి. కొన్ని రాష్ట్రములలో రుసుము గట్టి కార్డు పుచ్చుకొన్నచో అధికభారముతో పోనిచ్చెడివారు. అది చెల్లదని 2005 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. 2019లో సవరించిన చట్టము ప్రకారము అధికభారమునకు 20,000 రూపాయల జుల్మానా, హద్దునకు పైనున్న ప్రతి టన్నునకు మఱి 2,000. ఎక్కువైన సరుకును దింపించు ఖర్చును బండివానిదే. రోడ్లకు గలుగు నష్టమును లెక్కించినవారును గలరు. 1958 మొదలు 1960 వఱకు అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున ఒట్టావా పట్టణముకడ ప్రత్యేకముగా రోడ్లు వేసి వానిపై లారీలను నడిపి పరీక్షించిరి. ఇరుసు బరువు రెట్టింపైనచో రోడ్డునకుఁ గలుగు అరుగుదల సుమారు పదునాఱింతలని తేలినది. ఇందులో పెద్దలారీల పాలే యెక్కువ. చిన్నబండ్లు రోడ్డునకంటె తమకును తమలోనివారికిని చేసికొను కీడే యెక్కువ.

మా ప్రాంతమున బియ్యపుమిల్లు కాటా యొకటి గలదు. వట్టిబండి నొకమాఱు, నింపిన బండి నొకమాఱు ఎక్కించినచో సరుకు తూకము కాగితముపై వచ్చును. రిజిస్ట్రేషను పుస్తకములో నున్న అంకెను ఆ కాగితము ప్రక్కను బెట్టుటకు పెద్దచదువు అక్కఱలేదు. మొన్నటి కోతలలో ఒక చిన్నబండి పదునాలుగు బస్తాల ధాన్యముతో కాటా యెక్కెను. 1,050 కిలోలు. కుఱ్ఱవాఁడు చీటీ చూచి, నా ముఖము చూచి, నాలుగు బస్తాలను కాటాగది వరండాలో దింపించి, పదింటితో బయలుదేరెను. మిగిలిన నాలుగింటికి రెండవ త్రిప్పు కిరాయి ఎవరిచ్చుకొనవలెనను తగవు మాత్రము నేను ఇంటికి వచ్చునప్పటికింకను తీఱలేదు.